రాతి మీద స్మారకం

ప్రశ్న: కన్యాకుమారి వివేకానంద శిలా స్మారకానికి డబ్బెక్కడిది? ప్రభుత్వమే కట్టించిందా?

జవాబు: కాదు. రాష్ట్ర ప్రభుత్వాలు చేయి వేసిన మాట నిజమే. కానీ దాని ప్రాణం రూపాయి విరాళాల్లో ఉంది. సుమారు 30 లక్షల మంది తలో రూపాయి ఇచ్చారు. ఖర్చు దాదాపు కోటీ 35 లక్షలు.

అసలు చిక్కు అనుమతి. మొదట మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. స్మారక నిర్మాణ బాధ్యత తీసుకున్న ఏకనాథ్ రానడే 1963 డిసెంబరులో ఢిల్లీ వెళ్లి, మూడు రోజుల్లో 323 మంది ఎంపీల సంతకాలు సేకరించారు. పార్టీ భేదం చూడలేదు. అప్పుడు కూడా ముందు 15 అడుగుల చిన్న మండపానికే ఒప్పుకున్నారు; పెద్ద స్మారకానికి అనుమతి ఆ తర్వాతే వచ్చింది. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి! తర్వాత సముద్రంతో పోరు: రాళ్లన్నీ పడవల మీదే చేరాలి, అలలు లేస్తే పని ఆగాల్సిందే. 1970 సెప్టెంబరు 2న అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి ప్రారంభించారు.