మూడు పాయింట్లు తగ్గిన ఏడాది

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండు రోజులుగా నన్ను నిద్రపోనివ్వలేదు. "డిసెంబరు దాకా టైముంది కదా అత్తయ్యా, ఈలోపు డ్రిల్లులు సర్దేసుకుంటాలే" అన్నావు. ఎవరు చెప్పారంటే యూనిట్లో సీనియర్ ఒకాయన చెప్పాడన్నావు. నాన్నా, అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో రిటైర్మెంటు లెక్కకి ఏడాది డిసెంబరుతో ముగియదు. నువ్వు చెయ్యెత్తి ప్రమాణం చేసింది ఆగస్టు 14న. నీ ఏడాది ఆ రోజు మొదలై మళ్లీ ఆగస్టు 13తో అయిపోతుంది. మధ్యలో సర్వీసు తెగితే తప్ప ఆ తేదీ మారదు.

కాగితం, పెన్ను తీసుకుని నీ లెక్క నేనే వేశాను. రిజర్వ్‌లో ఉన్నందుకు ఏడాదికి 15 పాయింట్లు. నాలుగు గంటల డ్రిల్లుకి ఒకటి, రోజుకి రెండు, శని ఆదివారాలు కలిపి నాలుగు. నువ్వు వెళ్లింది ఐదు వారాంతాలు, అంటే 20. ఇప్పటికి 35. జూన్, జూలై డ్రిల్లులకి వెళ్తే ఇంకో 8 కలిసి 43. ఆగస్టు 10న యాన్యువల్ ట్రైనింగ్ మొదలవుతుంది కాబట్టి 14 రోజులకి 14 వచ్చేస్తాయని నీ ధీమా. రోజుకొకటి వచ్చే మాట నిజమే. కానీ 10 నుంచి 13 దాకా నాలుగు రోజులే ఈ ఏడాదిలో పడతాయి, మిగతా పది వచ్చే ఏడాది ఖాతాలోకి వెళ్తాయి. కూడితే 47. పెన్షన్ లెక్కకొచ్చే ఏడు, అంటే గుడ్ ఇయర్ కావాలంటే 50 ఉండాలి.

ఆ 47 చూసి నా గుండె ఝల్లుమంది. నా 5016 ఫారంలో, అంటే ఏడాదివారీ పాయింట్ల చిట్టాలో, 2003-04 వరసలో ఉన్న అంకె కూడా అదే. ఆ ఏడు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారాం. నేను చేసిన పని 51 పాయింట్లకి సరిపోతుంది. మాజీ సైనికుల అంత్యక్రియల్లో గౌరవ విధికి రెండు సార్లు వెళ్లాను, ఒక రోజంతా మెడికల్ డ్యూటీ చేశాను. ఆ నాలుగు పాయింట్లకీ, చేసిన డ్యూటీ నమోదు చేసే 1380 ఫారాలు నింపి పాత యూనిట్లో ఇచ్చాను. "నేను పంపేస్తాను మేడమ్, మీరు నిశ్చింతగా వెళ్లండి" అన్నాడు అక్కడి సార్జెంటు. మంచివాడే, మర్యాదగానే అన్నాడు. నేను కాపీ తీసుకోలేదు. ఐదేళ్ల తర్వాత 5016 తెరిచి చూస్తే 47 పక్కన సర్వీసు కాలమ్‌లో సున్నా. ఆ 47 మొత్తంలో కలుస్తాయి, పోవు. కానీ పెన్షన్‌కి కావలసిన 20 ఏళ్లలో ఆ ఏడు లేనట్టే. సంతకం చేసిన అధికారి అప్పటికే ఎక్కడికో వెళ్లిపోయాడు. సాక్ష్యం లేదు. అందుకే 20 ఏళ్లలో అయిపోవాల్సింది 21 ఏళ్లు చేశాను. ఆ ఆఖరి ఏడే మీ వదిన కాలేజీలో చేరింది. ఆ శనివారం నాకు డ్రిల్లు. దాన్ని దింపి రావడానికి మీ మావయ్య ఒక్కడే వెళ్లాడు.

నీకు ఇంకా రెండున్నర నెలలుంది. రేపే మీ కమాండరుకి మెయిలు పెట్టు. తప్పిపోయిన డ్రిల్లుకి బదులు ఇంకో వారాంతం చేయనివ్వమని అడుగు. ఒక్క వారాంతం దొరికినా 51 అవుతాయి. లేదా జూలైలో ట్రైనింగుకి వెళ్లే వేరే యూనిట్‌తో పంపమని అడుగు. ఏది ఒప్పుకున్నా రాతపూర్వకంగా తీసుకో. చేసిన రోజే ఫారం మీద సంతకం పెట్టించి, అక్కడే నిలబడి ఫోన్లో ఫోటో తీసుకో. మొహమాటపడకు. యూనిట్ లేకుండా రిజర్వులో ఉండే ఐ.ఆర్.ఆర్.కి మారిపోతే ఈ గొడవ ఉండదనుకుంటున్నావేమో, అక్కడా 15 పోను మిగతా 35 నువ్వే వెతుక్కోవాలి, పిలిచి చెప్పే యూనిట్ కూడా ఉండదు.

సలహా ఎవరిని అడగాలన్నావు. యూనిట్లో సిబ్బంది కాగితాలు చూసే ఎస్-వన్ వాళ్లని అడుగు, కానీ అక్కడే ఆగకు. వాళ్లు మారుతూ ఉంటారు, పనిలో తలమునకలై ఉంటారు, తెలియనిది తెలియదనడానికి సంకోచిస్తారు. ఎవరేం చెప్పినా వినయంగా ఒకటే అడుగు: ఏ రెగ్యులేషన్లో, ఏ పేరాలో ఉంది? ఆర్మీ రిజర్వ్ పాయింట్లకి ఏ.ఆర్. 140-185 అనే ఆర్మీ రెగ్యులేషన్ ఉంది. దాన్ని నువ్వే ఒకసారి చదువు. కోడ్ రాసే బుర్రకి అదో లెక్క కాదు. రిటైర్మెంటు సంగతులకి ప్రాంతాలవారీగా ఉండే రెడీనెస్ డివిజన్లలో రిటైర్మెంట్ సర్వీసెస్ ఆఫీసర్లు ఉంటారు, డబ్బు తీసుకోరు. నాకు ఇరవయ్యో ఏటిదాకా ఆ సంగతే తెలీదు. రికార్డు తప్పుంటే యూనిట్ ద్వారా ఫోర్ట్ నాక్స్‌లోని ఆర్మీ సిబ్బంది రికార్డులు చూసే హెచ్.ఆర్.సి.తో సరిచేయించుకోవాలి. అక్కడా పని జరగకపోతే రికార్డుల సవరణ బోర్డు ఉంది. తప్పు తెలిసిన మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి, కానీ కాగితం లేకపోతే అక్కడా చెయ్యగలిగింది తక్కువ.

ప్రతి సెప్టెంబరులో 5016 దింపుకుని, నీ జీతం స్లిప్పులతో, 1380లతో వరసవరసా పోల్చు. గంట పని.

పాయింటు విలువ కూడా తెలుసుకో. మొత్తాన్ని 360తో భాగిస్తే ఏళ్లు వస్తాయి. నువ్వు 2018 తర్వాత చేరావు కాబట్టి ఏడాదికి 2 శాతం. 1800 పాయింట్లంటే ఐదేళ్లు, అంటే బేసిక్ పేలో పదో వంతు. నా పాత పద్ధతిలో రెండున్నర శాతం. పెన్షన్ మామూలుగా 60 ఏళ్లకి మొదలవుతుంది. 2008 జనవరి 28 తర్వాత చేసిన యాక్టివ్ డ్యూటీలో అర్హమైనదానికి ప్రతి 90 రోజులకీ మూడు నెలలు ముందుకు జరుగుతుంది. 2010లో జర్మనీలోని లాండ్‌స్టూల్ ఆసుపత్రిలో గాయపడినవాళ్ల వార్డులో తొమ్మిది నెలలు చేసినందుకు నాకు తొమ్మిది నెలలు ముందే వచ్చింది. అది దానంతటదే రాలేదు. ఆర్డర్ ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూపించే కాపీ నా దగ్గర ఉండబట్టి వచ్చింది. పెన్షన్‌కి కూడా మనమే దరఖాస్తు పెట్టుకోవాలి.

20 ఏళ్లు నిండాక, పెన్షన్‌కి అర్హుడివని చెప్పే ఒక ఉత్తరం వస్తుంది. దాంతో పాటు, నువ్వు పోతే మీ ఆవిడకి ఎంత రావాలో 90 రోజుల్లో రాసివ్వమంటారు. అప్పుడు ఇద్దరూ కూర్చుని చదివి రాయండి. అది చాలా దూరం. ముందు ఆగస్టు 13 సంగతి చూడు.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. నీ 5016 ముందు పెట్టుకో, నేను నా ఫైలు తీసి ఉంచుతాను. కమాండరుకి రాసిన మెయిలు నాకూ పంపు.

ప్రేమతో,
అత్తయ్య