జర్మనీలో పార్టీ బయటికెళ్లినా ఆ మంత్రి ఎలా ఉండిపోయాడంటే

బ్రో, 2024 నవంబర్‌లో ఎఫ్‌డీపీ అనే పార్టీ అధికార కూటమి నుంచి పోయినా ఆ పార్టీ మనిషి ఫోల్కర్ విస్సింగ్ రవాణా మంత్రిగా ఎలా ఉండిపోయాడు, గవర్నమెంట్ అప్పుడే ఎందుకు పడలేదు, ఇదే కదా నీ డౌట్. అక్కడ మంత్రి పదవి పార్టీ సొత్తు కాదు, ఛాన్సలర్ (మన ప్రధాని లాంటివాడు) పేరు చెప్తే ప్రెసిడెంట్ నియమిస్తాడు, తీసేయాలన్నా అంతే, రాజ్యాంగం 64వ ఆర్టికల్ చూడు. నవంబర్ 6 రాత్రి అప్పటి ఛాన్సలర్ షోల్జ్, ఎఫ్‌డీపీ నాయకుడైన ఆర్థిక మంత్రి లిండ్నర్‌ని పీకేశాడు, బడ్జెట్, అప్పుల గొడవ, మిగతా ఇద్దరు ఎఫ్‌డీపీ మంత్రులు కూడా తప్పుకున్నారు, విస్సింగ్ మాత్రం పార్టీకే రాజీనామా కొట్టి కుర్చీలో కూర్చున్నాడు, పైగా న్యాయశాఖ కూడా ఆయనకే ఇచ్చారు 😄 (మన దగ్గరైతే గోడ దూకాడని ఏకిపారేసేవాళ్లు).

ఇక పడకపోవడం అంటావా, ఛాన్సలర్‌ని దించాలంటే ఊరికే వద్దని ఓటేస్తే చాలదు, ఆ ప్లేస్‌లో ఇంకొకర్ని మెజారిటీతో ఎన్నుకోవాలి, అది 67వ ఆర్టికల్, ఆ నంబర్ ఎవరి దగ్గరా లేదు. అందుకే డిసెంబర్ 16న షోల్జే విశ్వాస ఓటు అడిగాడు, కావాలనే ఓడిపోవడానికి, 367 కావాల్సిన చోట 207 వచ్చాయి. అలా ఓడిపోయాడు కాబట్టే ప్రెసిడెంట్ పార్లమెంట్ సభ రద్దు చేశాడు, 2025 ఫిబ్రవరి 23న ఎలక్షన్స్ పెట్టారు. ఈ మధ్యలో నడిచిందంతా మైనారిటీ గవర్నమెంటే.