పాఠకుల ప్రశ్నలు: రహస్య లింకును బ్రౌజరే బయటపెడితే

ప్రశ్న: కర్నూలు పెద్దాసుపత్రి పరిసరాల్లోని కొన్ని రక్తపరీక్షల ల్యాబులకు మేము ఒక వెబ్ అప్లికేషన్ తయారు చేసి ఇచ్చాము. ఆదోని, ఎమ్మిగనూరు, గద్వాల వైపు నుంచి వచ్చే రోగులు రిపోర్టు కోసం మళ్లీ బస్సెక్కి రానవసరం లేకుండా, లాగిన్ ఏదీ అడగకుండా, పొడవైన లింకు ఒకటి ఎస్సెమ్మెస్‌లో పంపుతాము. రిపోర్టు పేజీ అడుగున ఒక మందుల దుకాణం వారి ప్రకటన బొమ్మ ఉంటుంది; అది వారి సర్వరు నుంచే వస్తుంది. ఆ దుకాణం వెబ్‌సైటు చూసుకునే వ్యక్తి ఈమధ్య ఫోను చేసి, తమ సర్వరు లాగుల్లో (వచ్చిన ప్రతి అభ్యర్థననూ రాసుకునే ఫైళ్లలో) మా రోగుల రిపోర్టు లింకులు పూర్తిగా కనిపిస్తున్నాయని, నొక్కితే రిపోర్టులు తెరుచుకుంటున్నాయని చెప్పాడు. మేము లింకులు ఎవరికీ ఇవ్వలేదు. మా సైటు అంతా హెచ్‌టీటీపీఎస్‌లోనే నడుస్తుంది. వెతికితే మా పేజీల్లో రెఫరర్ అనే మెటా ట్యాగు ఒకటి, దాని విలువ ‘నో-రెఫరర్-వెన్-డౌన్‌గ్రేడ్’ అని కనిపించింది. దానికీ దీనికీ సంబంధం ఉందా? ఇప్పుడు ఏమి చేయాలి?
— ఒక డెవలపర్, కర్నూలు

సమాధానం: సంబంధం ఉంది. మీరు చెప్పిన వివరాలను బట్టి అసలు కారణం ఆ ట్యాగే.

ఒక పేజీలోని బొమ్మనో, ఫాంటునో, స్క్రిప్టునో తెచ్చుకునేటప్పుడు, అలాగే పేజీలోని లింకును ఎవరైనా నొక్కినప్పుడు, తాను ఏ పేజీ నుంచి అడుగుతున్నదీ బ్రౌజరు రెఫరర్ హెడరులో (అభ్యర్థనతో పాటు వెళ్లే ఒక సమాచార వరుసలో) రాసి అవతలి సర్వరుకు పంపుతుంది. వెబ్ తొలి రోజుల నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. 1996లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఉంది. మీ రోగి ఆ ప్రకటనను నొక్కనవసరం కూడా లేదు. బొమ్మ తెరమీదికి రావాలంటే దుకాణం సర్వరును అడగాలి కాబట్టి, ఆ అడగడంలోనే రిపోర్టు పేజీ చిరునామా వారికి చేరిపోయింది. హెచ్‌టీటీపీఎస్ దీన్ని ఆపదు. దారిలో ఎవరూ చదవకుండా అది కాపాడుతుందే తప్ప, గమ్యస్థానంలో ఉన్నవారికి మీ బ్రౌజరు స్వయంగా అప్పగించే సమాచారంతో దానికి నిమిత్తం లేదు.

ఎంత చిరునామా పంపాలన్నది రెఫరర్ పాలసీ నిర్ణయిస్తుంది. మీ ట్యాగులో ఉన్న విలువకు అర్థం ఏమిటంటే, హెచ్‌టీటీపీఎస్ పేజీ నుంచి మామూలు హెచ్‌టీటీపీ చిరునామాకు వెళ్లేటప్పుడు మాత్రం ఏమీ పంపవద్దు, మిగిలిన అన్ని సందర్భాల్లోనూ చిరునామాను పూర్తిగా పంపు అని. సగం వెబ్ హెచ్‌టీటీపీలో ఉన్న రోజుల్లో ఇది కొంతైనా అడ్డుకునేది. దాదాపు అందరూ హెచ్‌టీటీపీఎస్‌కు మారిన తరువాత అడ్డుకునేది దాదాపు ఏమీ లేదు. అందుకే 2020లో క్రోమ్ 85వ వెర్షను నుంచి, 2021లో ఫైర్‌ఫాక్స్ 87వ వెర్షను నుంచి, సైటు ఏ పాలసీ చెప్పకపోతే ‘స్ట్రిక్ట్-ఆరిజిన్-వెన్-క్రాస్-ఆరిజిన్’ వర్తించేలా మార్చారు. దాని ప్రకారం వేరే సైటుకు మీ డొమైను పేరు వరకే వెళ్తుంది, ఆ తరువాతి భాగం వెళ్లదు. మీరు ఏమీ రాయకుండా ఉండి ఉంటే కొత్త బ్రౌజర్లలో ఈ రక్షణ దానంతటదే దొరికేది. పాత విలువను పేజీలో రాసి ఉంచడం వల్ల క్రోమ్ మీ మాటకే కట్టుబడింది. ఇలాంటి వరుసలు సాధారణంగా ‘సందర్శకులు ఏ పేజీ నుంచి వచ్చారో లెక్క తెలియాలి’ అని ప్రకటనదారులు ఇచ్చే సూచనల నుంచి కాపీ అయి వస్తాయి, తరువాత ఎవరూ వాటి జోలికి పోరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సైట్ల మధ్య వెళ్లే అభ్యర్థనల విషయంలో ఇటువంటి సడలింపు పాలసీలను ఫైర్‌ఫాక్స్ కొంతకాలంగా లెక్కలోకి తీసుకోవడం లేదు. కాబట్టి మీ ఆఫీసులో ఫైర్‌ఫాక్స్‌తో పరీక్షిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది, రోగి ఫోనులోని క్రోమ్‌లో మాత్రం లింకు బయటికి పోతూనే ఉంటుంది. పరీక్ష తప్పనిసరిగా క్రోమ్‌లోనూ, దొరికితే ఏళ్లుగా అప్‌డేటు చేయని ఒక పాత ఆండ్రాయిడ్ ఫోనులోనూ చేయండి. డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ భాగం తెరిచి, మీది కాని డొమైనుకు వెళ్లిన ప్రతి అభ్యర్థనలోనూ రెఫరర్ హెడరులో ఏముందో చూడాలి.

పాలసీ మార్చడానికంటే ముందు చేయవలసిన పని, ఇప్పటివరకు పంపిన లింకులన్నింటినీ రద్దు చేయడం. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు సాఫ్ట్‌వేరు సాధారణంగా వాడే ‘కంబైన్డ్’ లాగు పద్ధతిలో రెఫరర్ కూడా నమోదవుతుంది కాబట్టి, మీ లింకులు దుకాణం వారి లాగుల్లోనే కాక ఆ లాగుల బ్యాకప్పుల్లోనూ ఉండి ఉంటాయి. చెరిపేయమని వారిని రాతపూర్వకంగా కోరండి, కానీ వారు చెరిపారన్న నమ్మకం మీద ఆధారపడకండి. టోకెన్లు, అంటే లింకులో ఉండే రహస్య సంకేతాలు, పనిచేయకుండా పోవడం ఒక్కటే మీ చేతిలో ఉన్న హామీ. ల్యాబుల యజమానులకు కూడా ఈ సంగతి దాచకుండా చెప్పాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు జరిమానాను పేర్కొంది. రోగుల వివరాలకు జవాబుదారీ వహించవలసింది ప్రధానంగా ఆ ల్యాబులే.

తరువాత ఆ మెటా ట్యాగును తీసేసి, సర్వరు నుంచే రెఫరర్-పాలసీ హెడరును ‘సేమ్-ఆరిజిన్’ విలువతో పంపండి. అప్పుడు మీ డొమైనులోపల రెఫరర్ మామూలుగా పనిచేస్తుంది, బయటి డొమైనులకు ఏమీ వెళ్లదు. బ్రౌజర్ల డిఫాల్టు ఎలాగూ డొమైను పేరు మాత్రమే పంపుతుంది కదా అని సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే కొన్నిసార్లు ఆ పేరే రహస్యాన్ని చెప్పేస్తుంది: డీ-అడిక్షన్ కేంద్రమో, సంతాన సాఫల్య కేంద్రమో నడిపే సైటు అయితే, రోగి అక్కడి నుంచి వచ్చాడని తెలియడమే తెలియకూడని విషయం. ఇంజిన్‌ఎక్స్‌లో ఈ హెడరు పెట్టేటప్పుడు మరో జాగ్రత్త కూడా అవసరం. లోపలి లొకేషన్ బ్లాకులో (కొన్ని చిరునామాలకు వేరుగా రాసే సెట్టింగుల భాగంలో) వేరే హెడరు ఏదైనా చేర్చి ఉంటే, పై బ్లాకులో చేర్చిన హెడర్లు అక్కడికి సంక్రమించవు. రిపోర్టు పేజీ సరిగ్గా అలాంటి బ్లాకులోనే ఉండవచ్చు. చివర ‘ఆల్వేస్’ అనే మాట చేర్చకపోతే 404, 500 వంటి దోషపు పేజీలకు హెడరు రాదు, లింకు మాత్రం ఆ పేజీల చిరునామాలోనూ ఉంటుంది. ఒక్కొక్క లింకుకు ‘నోరెఫరర్’ అని గుర్తు పెట్టే పద్ధతి ఉంది కానీ, రేపు ఎవరో కొత్త లింకు చేర్చి దాన్ని మరిచిపోతారు కనుక దాన్ని అదనపు జాగ్రత్తగానే చూడాలి.

ఇంతా చేసినా, ఈ హెడరు ఆపలేని దారి ఒకటి మిగిలి ఉంటుంది. మీ పేజీలో సందర్శకుల లెక్కలు తీసే బయటివారి అనలిటిక్స్ స్క్రిప్టు ఉంటే, అది మీ పేజీలో భాగంగానే నడుస్తుంది. చిరునామా పట్టీలో ఉన్నదంతా నేరుగా చదివి, తన డేటాలో కలిపి పంపుకుంటుంది. రెఫరర్ పాలసీకి ఇందులో ప్రమేయమే లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ విషయంలో 2015 జనవరిలో బయటపడినదాంట్లో రెఫరర్‌తో పాటు ఇలాంటి దారి కూడా ఉంది: దరఖాస్తుదారు వయసు, ఆదాయం, పొగతాగే అలవాటు, గర్భవతా కాదా అన్న వివరాలు చిరునామాలోనే ఉండడంతో, పేజీలో చేర్చిన ప్రకటనల, అనలిటిక్స్ సంస్థలకు అవి చేరాయి. కాబట్టి రిపోర్టు పేజీలో బయటి నుంచి వచ్చేది ఏదీ ఉండకూడదు. ఫాంటును మీ సర్వరులోనే పెట్టుకోండి. ప్రకటన బొమ్మ విషయానికొస్తే, దాన్ని కూడా మీ సర్వరు నుంచే పంపవచ్చు. నా అభిప్రాయం అడిగితే మాత్రం, రక్తపరీక్ష రిపోర్టు కింద ప్రకటన ఉండడమే తగదు.

అసలైన మరమ్మతు వేరే ఉంది. మీ పద్ధతిలో లింకే తాళంచెవి, అది పేజీ తెరిచి ఉన్నంతసేపూ చిరునామా పట్టీలో వేలాడుతూ ఉంటుంది. లింకు రాగానే టోకెన్‌ను సరిచూసి, స్క్రిప్టులు చదవలేని కుకీ ఒకటి ఇచ్చి, టోకెన్ లేని శుభ్రమైన చిరునామాకు వెంటనే దారి మళ్లించండి. అప్పుడు రిపోర్టు కనిపించే పేజీ చిరునామాలో దొంగిలించడానికి ఏమీ ఉండదు. హెడరు ఎక్కడైనా తప్పినా నష్టం ఉండదు. టోకెన్‌ను చిరునామాలో హాష్ గుర్తు తరువాత పెట్టే పద్ధతీ ఉంది: ఆ భాగం రెఫరర్‌లోకి రాదు, సర్వరుకు కూడా చేరదు, కానీ పేజీలోని స్క్రిప్టులు దాన్ని చదవగలవు కనుక నేను మొదటి పద్ధతినే ఎంచుకుంటాను.

ఒకసారి తెరవగానే లింకు చెల్లకుండా చేయాలనిపిస్తుంది. అయితే వాట్సాప్ వంటివి లింకు ప్రివ్యూ కోసమూ, మెయిలు సర్వర్లు వైరస్ తనిఖీ కోసమూ మనిషి కంటే ముందే ఆ చిరునామాను తెరిచి చూస్తుంటాయి, దాంతో రోగి నొక్కేసరికి లింకు చచ్చిపోయి ఉంటుంది. అందుకని తెరిచినప్పుడు ‘రిపోర్టు చూడండి’ అనే బటను మాత్రం చూపించి, దాన్ని నొక్కి పోస్ట్ అభ్యర్థన వచ్చినప్పుడే టోకెన్‌ను ఖర్చు చేయండి. ఆ బటను పక్కనే పుట్టిన సంవత్సరమో, ఫోను నంబరులోని చివరి నాలుగు అంకెలో అడిగి, కొన్ని తప్పుల తరువాత ఆపేస్తే మరీ మంచిది. మీ సొంత లాగుల్లో కూడా మొదటి అభ్యర్థన టోకెన్‌తో సహా నమోదవుతుంది. అక్కడ దాన్ని కప్పిపుచ్చేలా లాగు పద్ధతిని మార్చుకోండి.

ప్రశ్న: మా కోచింగ్ సెంటరు విద్యార్థుల కోసం జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్కుతో ఒక సైటు నడుపుతున్నాను. పాస్‌వర్డు రీసెట్ లింకులు బయటికి పోకూడదని సైటంతటికీ ‘నో-రెఫరర్’ హెడరు పెట్టాను. అప్పటి నుంచి లాగిన్‌తో సహా ఏ ఫారం పంపినా సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీ విఫలమైందంటూ 403 వస్తోంది. ఆ తనిఖీని తీసేయవచ్చా?
— ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: తీసేయవద్దు. వేరే సైటు మీ విద్యార్థి పేరుతో దొంగచాటుగా ఫారం పంపకుండా ఆపేదే సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీ. అది సరిగానే పనిచేస్తోంది, దానికి కావలసిన ఆధారాన్ని మీరు తీసేశారు. హెచ్‌టీటీపీఎస్ మీద ఫారం వచ్చినప్పుడు, అది మీ సైటు నుంచే వచ్చిందా అని జాంగో రెఫరర్ చూసి నిర్ధారించుకుంటుంది. 4.0 వెర్షను నుంచి ముందుగా, పంపిన సైటు పేరు వరకే ఉండే ఆరిజిన్ హెడరును చూస్తుంది కానీ, ‘నో-రెఫరర్’ పాలసీ ఉన్న పేజీ నుంచి ఫారం పంపితే బ్రౌజరు ఆరిజిన్ విలువను కూడా ‘నల్’ అని పంపుతుంది కాబట్టి అక్కడా అదే ఫలితం. మీరు ‘సేమ్-ఆరిజిన్’కు మారితే ఫారాలు పనిచేస్తాయి, బయటివారికి ఏమీ వెళ్లదు. జాంగో 3.1 నుంచి, సెక్యూరిటీ మిడిల్‌వేర్ చేర్చి ఉంటే, ఈ విలువ డిఫాల్టుగానే ఉంది. కనుక మీ హెడరును తీసేస్తే చాలు. జాంగోలో ఒకటి, ముందున్న వెబ్ సర్వరులో ఒకటి పెడితే, బ్రౌజరు తనకు అర్థమైన వాటిలో చివరిదాన్ని తీసుకుంటుంది, ఏది చెల్లుతున్నదో మీకే తెలియకుండా పోతుంది.

రీసెట్ లింకు గురించి మీ ఆందోళన సరైనదే. జాంగో సొంత రీసెట్ పేజీ 1.11 నుంచి టోకెన్‌ను సెషన్‌లో దాచుకుని, టోకెన్ లేని చిరునామాకు దారి మళ్లించిన తరువాతే కొత్త పాస్‌వర్డు ఫారం చూపిస్తుంది. మీరు ఆ పేజీని సొంతంగా రాసుకుని ఉంటేనే ఆ ఏర్పాటు మీరు చేసుకోవాలి.

ప్రశ్న: నేను దస్తావేజు లేఖరిని. పార్టీలకు ముసాయిదాలను, పాత పత్రాల స్కాన్లను ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న పద్ధతిలో పంపుతుంటాను. పత్రంలో ఉన్న వెబ్ చిరునామాను ఎవరైనా నొక్కితే నా లింకు ఆ వెబ్‌సైటు వారికి తెలిసిపోతుందని విన్నాను. నిజమేనా?
— ఒక పాఠకుడు, కడప

సమాధానం: ఒకప్పుడు పెద్ద సంస్థల్లోనే జరిగింది. 2014 మే నెలలో డ్రాప్‌బాక్స్ సరిగ్గా ఈ లోపాన్ని అంగీకరించి, ముప్పున్న పాత లింకులను నిలిపివేసింది: పంచుకున్న పత్రాన్ని బ్రౌజరులోనే తెరిచి, అందులోని బయటి లింకును నొక్కితే, పత్రం చిరునామా రెఫరర్‌గా ఆ బయటి సైటుకు చేరేది. ఆ లోపాన్ని అప్పట్లోనే సరిచేశారు. ఫోనులోకి దించుకున్న ఫైలు నుంచి నొక్కితే రెఫరర్ వెళ్లదు.

అయినా మీ విషయంలో రెఫరర్ కంటే దగ్గరి ప్రమాదం ఉంది. అలాంటి లింకును పార్టీ తన బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడితే, అందులో ఉన్న అందరూ పత్రాన్ని చూడగలరు, మీకు ఆ సంగతి తెలియదు. సంతకాలు, వేలిముద్రలు, ఆధార్ నకళ్లు ఉన్న పత్రాలకు ఈ పద్ధతి వాడకండి. పార్టీ ఈమెయిలు చిరునామాకు మాత్రమే అనుమతి ఇచ్చే పద్ధతి అదే మెనూలో ఉంటుంది. ఈమెయిలు వాడని పార్టీలకు గడువు తేదీ, పాస్‌వర్డు పెట్టి పంపండి, ఆ పాస్‌వర్డు మాత్రం ఫోనులో చెప్పండి. ఇదివరకు పంపిన లింకుల్లో రిజిస్ట్రేషన్ పూర్తయిన వాటిని ఒక్కొక్కటిగా తెరిచి అనుమతి రద్దు చేయండి.