నగదు అంటే నోటేనా?

సందేహం: యూపీఐ చెల్లింపులను పత్రికలు ‘నగదు రహితం’ అంటున్నాయి. రిజర్వు బ్యాంకు తెచ్చిన డిజిటల్ రూపాయి కూడా ఫోనులోనే ఉంటుంది కదా, దాన్ని ‘డిజిటల్ నగదు’ అనడం తప్పు కాదా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, హిమాయత్‌నగర్, హైదరాబాద్

సమాధానం: నగదు అంటే నోటు అనుకోవడంలోనే ఉంది తప్పు. అరబ్బీ ‘నఖ్ద్’ పారశీకం, ఉర్దూల మీదుగా మనకు నగదు అయింది. దిర్హాములనే వెండి నాణేలను పరీక్షించి మంచివీ చెడ్డవీ వేరుచేయడం ఆ ధాతువుకు అర్థం. అలా పరీక్షకు నిలిచి, అక్కడికక్కడే చేతికి అందిన సొమ్ము నఖ్ద్. ఉర్దూలో సాహిత్య విమర్శను ‘తన్‌ఖీద్’ అనీ, విమర్శకుణ్ని ‘నఖ్ఖాద్’ అనీ అంటారు. అవీ ఈ ధాతువు బిడ్డలే. నాణేన్ని మోగించి చూసే షరాబుదీ, పద్యాన్ని చెవితో తూచే విమర్శకుడిదీ ఒకటే పని అని గుర్తించిన భాష అది! ఈ మాటను తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. రొక్కం దీనికి సాటిమాట, అంతే.

మన నగరానికి ఈ పరీక్ష కొత్త కాదు. నిజాం కాలంలో నిజాం సొంత నాణెం హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియా నాణెం కల్దారు రెండూ రూపాయలే, విలువలు మాత్రం వేరు. ఎవరి రూపాయి అని అడగాల్సిందే. ఇప్పుడూ అదే అడగండి. మీ ఖాతాలో కనిపించే అంకె మీ బ్యాంకు మీకు పడిన బాకీ. అందుకే దానికి 5 లక్షల రూపాయల వరకు బీమా. యూపీఐ కదిలించేది ఆ బాకీనే. డిజిటల్ రూపాయి రిజర్వు బ్యాంకు సొంత బాకీ. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టాన్ని 2022లో సవరించి, బ్యాంకు నోటు నిర్వచనంలో డిజిటల్ రూపాన్నీ చేర్చారు. మరి అది నగదు కాక ఏమిటి? జనం డిపాజిట్లన్నీ అందులోకి మార్చుకుంటే బ్యాంకులకు అప్పులివ్వడానికి సొమ్ము కరవవుతుంది. డిజిటల్ రూపాయికి వడ్డీ ఇవ్వకపోవడానికి ఇదొక కారణం. జేబులోని నోటుకూ వడ్డీ రాదు.

‘నగదు రహిత చెల్లింపులు’ అని రాసిన చేత్తోనే ‘ఖాతాల్లో నగదు జమ’ అని రాయడం ఏం పద్ధతి? ‘సొమ్ము జమ’ అంటే సరిపోదా? డిజిటల్ కరెన్సీకి ‘అంకీయ ద్రవ్యం’ అనే కొయ్యమాట అసలే వద్దు.

కాబట్టి ‘డిజిటల్ నగదు’ సాధువే అంటాను, ఒక్క మినహాయింపుతో. ఫలానా పనికే ఖర్చుపెట్టాలని ముడివేసిన డిజిటల్ రూపాయినీ రిజర్వు బ్యాంకు ప్రయోగిస్తోంది. నగదు చేతికొచ్చాక ఎలా ఖర్చుచేయాలో నిర్ణయించేది దాని సొంతదారు. షరతు కట్టిన రూపాయిని నగదు అనడానికి నాకు ఇంకా మనసొప్పడం లేదు.