కేక్ సంగతి తర్వాత, ముందు అత్తయ్య సంగతి చూడండి

ప్రశ్న: నాకు ఆరేళ్లప్పుడు నాన్న మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయారు. అమ్మా నేనూ తెనాలిలో మావయ్య పంచన చేరాం. నా చదువు, పెళ్లి అన్నీ మావయ్యే చూశారు. పెళ్లిలో మా వారి కాళ్లు కడిగిందీ ఆయనే. ఏటా ఫాదర్స్ డేకి ఆయన్ని హైదరాబాద్ పిలిపించి, కేక్ కోయించి, బట్టలు పెడతాను. నిరుడు నాన్న తిరిగొచ్చారు. ఆరోగ్యం బాగోలేదు. ‘ఎంతైనా కన్నతండ్రి, ఈసారి ఆయన్నీ పిలువు’ అంటోంది అమ్మ. ఇద్దరితో కలిపి కోయిద్దామంటారు మా వారు. మావయ్యేమో ‘నాకెందుకులేమ్మా’ అంటున్నారు. అత్తయ్య కూడా ఎందుకో ఈమధ్య ముభావంగా ఉంటోంది. నేనేం చేయాలి?

జవాబు: కేక్ ఎవరు కోసినా తెగుతుంది. దానికింత టెన్షన్ అక్కర్లేదు.

మీ ఉత్తరం నిండా మావయ్యే. అత్తయ్యకి దక్కింది ఒక్క వాక్యం, అదీ మొహం ముడుచుకుందని. కాళ్లు కడిగింది మావయ్య, సరే. పక్కన నిలబడి చెంబుతో నీళ్లు పోసిందెవరు? కన్యాదానం పీటల మీద మగవాడు ఒక్కడే కూర్చోడు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంటేనే మీ మావయ్య మీకు తండ్రి స్థానంలో నిలబడగలిగారు.

మీకూ ఓ సంసారం ఉంది. రేపు మీ ఆడబిడ్డ పిల్లతో సహా వచ్చి మీ ఇంట్లోనే ఉండిపోతానంటే మీరేమంటారు? మీ అత్తయ్య ఏమీ అనలేదు, లేదా అన్నా మీ దాకా రానివ్వలేదు. మీకు పరికిణీ కుట్టించిన పండక్కి ఆవిడ చీర మానుకుందేమో ఎప్పుడైనా అడిగారా? ఏటా ఆయన్ని మాత్రం రైలెక్కించి, మర్యాదలు చేసి, స్టేటస్‌లో ఫొటో పెడతారు. ఆవిడ తెనాలిలో ఫోన్లో చూసుకోవాలి. ఇప్పుడేమో రూపాయి పంపని మనిషికి కూడా కుర్చీ వేస్తున్నారు. ముభావంగా ఉండక ఏం చేస్తుంది? మావయ్య వద్దంటున్నది కూడా ఆవిడ మొహం చూసేనని నా అనుమానం.

ఫాదర్స్ డే మనది కాదని గొణిగేవాళ్లలో నేను లేను. 1910లో అమెరికాలోని స్పోకేన్‌లో సొనోరా డాడ్ అనే ఆవిడ ఈ వేడుక మొదలుపెట్టింది, తల్లి పోయాక ఆరుగురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన తండ్రి కోసం. పెంచిన రుణానికి పుట్టిన రోజిది. మీ నాన్నగారికి ఇందులో వాటా లేదు.

అలాగని ఆయన్ని గాలికి వదిలేయమనను. మందులకి, ఆస్పత్రికి డబ్బివ్వండి. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రుల్ని కూతురైనా చూడాల్సిందేనని 2007 నాటి చట్టం చెబుతోంది. కానీ మావయ్య పక్కన పీట వేయమని ఏ చట్టమూ చెప్పదు. మీ అమ్మకి భర్త మీద మమకారం ఉంటే అది ఆవిడ ఇష్టం. ఆ భారం అన్నావదినల ఇంటి మీద పెట్టొద్దని మెల్లగా చెప్పండి.

ఈ జూన్ మూడో ఆదివారం మీరూ, మీ వారూ మాత్రమే తెనాలి వెళ్లండి. అత్తయ్యకి తీసే చీర మావయ్య పంచెకంటే తీసికట్టుగా ఉండకూడదు. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి బట్టలు పెట్టి దండం పెట్టండి. ఆ పూట వంట మీరు చేయండి. మధ్యలో ఆవిడ ఏదో ఒకటి దెప్పక మానదు. ‘నేనేం తక్కువ చేశాను’ అంటూ మొదలుపెట్టకండి. పడండి, మాట పడితే అరిగిపోరు.