పైథాన్‌లో ట్రూ అని రావాల్సిన చోట 1 ఎందుకు పడుతోంది?

మీరడిగింది ఇదే కదా: ఎఫ్-స్ట్రింగ్‌లో (వేరియబుల్ విలువని టెక్స్ట్ మధ్యలో ఇమిడ్చే రాత) వేరియబుల్ ఒక్కటే పెడితే ‘ట్రూ’ అని సరిగ్గానే వస్తోంది, కాలమ్స్ వరసగా ఉండాలని కోలన్ పెట్టి 6 అని వెడల్పు ఇవ్వగానే 1 అయి కూర్చుంటోంది. మీ కోడ్‌లో తప్పేం లేదండీ, పైథాన్ తీరే అంత.

నాకూ తగిలిందిది. ఒక హాస్టల్ ఫీజుల లిస్టు ప్రింట్ తీసే చిన్న స్క్రిప్ట్ రాసిచ్చాను. మర్నాడు లెక్కలు చూసే ఆయన ఫోన్ చేసి, ‘ఏంటి బాబూ, సగం మంది ఒక్క రూపాయే కట్టారా?’ అన్నారు. ‘కట్టారా’ అనే కాలమ్ నిండా 1, 0 లే. సాయంత్రం దాకా డేటాబేస్‌ని అనుమానిస్తూ కూర్చున్నాను, తీరా టైప్ ప్రింట్ చేసి చూస్తే శుభ్రంగా బూల్ (ట్రూ, ఫాల్స్ విలువల టైప్) అనే ఉంది.

సంగతేంటంటే పైథాన్‌లో బూల్ అనేది ఇంట్‌కి, అంటే పూర్ణాంకాల టైప్‌కి, సబ్‌క్లాస్; దాని పిల్ల టైప్ అన్నమాట. బూల్ టైప్ 2003లో 2.3 వెర్షన్‌తో వచ్చింది, అప్పటిదాకా అందరూ 1, 0 లతోనే నెట్టుకొచ్చేవాళ్లు కాబట్టి ఆ పాత కోడ్ పాడవకూడదని కొత్తదాన్ని కూడా అంకెల కిందే పెట్టారు. ట్రూకి ట్రూ కలిపితే 2 వచ్చేది అందుకే. స్ట్రింగ్‌గా మారమంటే ఏం చెప్పాలో బూల్‌కి సొంతంగా తెలుసు, ఫార్మాటింగ్ మాత్రం ఇంట్ దగ్గర్నుంచి తెచ్చుకున్నదే. కోలన్ తర్వాత ఏమీ లేకపోతే మామూలు స్ట్రింగ్ ఇస్తుంది, వెడల్పు ఇచ్చారా, అంకె అనుకుని కుడివైపుకి జరిపి మరీ 1 వేస్తుంది.

వేరియబుల్ పేరుకి, కోలన్‌కి మధ్య ఆశ్చర్యార్థకం గుర్తు, దాని పక్కన చిన్న ఎస్ పెట్టండి. అప్పుడు ముందు స్ట్రింగ్ అయ్యాకే వెడల్పు లెక్క చూస్తుంది. ఎస్‌ని ఒక్కదాన్నే కోలన్ తర్వాత పెడితే మాత్రం వాల్యూఎర్రర్ వస్తుంది, నేను మొదట చేసింది అదే.

అన్నట్టు, ఇలా రాసిన ‘ఫాల్స్’ అనే టెక్స్ట్‌ని మళ్లీ చదివి బూల్ ఫంక్షన్‌కి ఇవ్వకండి. ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా దానికి ట్రూనే.

ఆ హాస్టల్ లెక్కలాయన చదువుకోడానికి వీలుగా ఉంటుందని తర్వాత నేను ‘కట్టారు’, ‘బాకీ’ అని తెలుగులోనే పెట్టాను, మళ్లీ కాలమ్స్ వంకర. ‘కట్టారు’ మనకి మూడక్షరాలే, ఒత్తుల్నీ గుణింతాల్నీ విడివిడిగా లెక్కపెట్టే పైథాన్‌కి 7. చివరికి వెడల్పులన్నీ తీసేసి ఎక్సెల్ ఫైల్‌గా పంపేశాను.