పీహెచ్‌డీ గైడ్‌ని హెచ్-ఇండెక్స్ చూసి ఎంచుకోవచ్చా?

బయోమెడికల్ పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్‌లు ఒప్పుకున్నారు, ఒకరి హెచ్-ఇండెక్స్ (పరిశోధన పేపర్లకు వచ్చిన గుర్తింపును కొలిచే అంకె) 42, ఇంకొకరిది 19, పెద్ద అంకె ఉన్నవారి దగ్గరే చేరాలా అని మీరు అడిగారు. పదకొండేళ్ల కిందట నేనూ ఇదే లెక్క చూసుకుని ఒక ల్యాబ్‌లో చేరాను.

అక్కడి గైడ్ సార్ ప్రొఫైల్‌లో సైటేషన్లు, అంటే ఇతరులు తమ పేపర్లలో ఆయన పేపర్లను ప్రస్తావించిన సందర్భాలు, వేలల్లో ఉండేవి. చేరిన ఆరు నెలలకు సెమినార్ కోసం ఆయన పేపర్లన్నీ కూర్చుని చదివాను. సగానికి పైగా సైటేషన్లు మూడే మూడు పేపర్లవి. మూడూ చాలా దేశాలవాళ్లు కలిసి చేసిన జన్యు అధ్యయనాలు. వందల మంది రచయితల్లో ఆయన పేరు ఎక్కడో మధ్యలో ఉంది. శాంపిళ్లు పంపారు, పేరు వచ్చింది. అందులో తప్పు లేదు, శాంపిళ్లు సేకరించడం చిన్న పనేమీ కాదు. కానీ నేను నేర్చుకుందామని వెళ్లిన పని ఆ ల్యాబ్‌లో జరగడమే లేదు. ఏడాదిన్నర తర్వాత గైడ్‌ని మార్చుకున్నాను. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క. 19 అంటే, ఒక్కోదానికి కనీసం 19 సైటేషన్లు వచ్చిన పేపర్లు 19 ఉన్నాయని. ఆ పేపర్లలో ఎవరి పని ఎంతో అది చెప్పదు.

మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారినే తీసుకోండి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. ఎమ్మెస్సీలో నేనూ చేశాను. ఆమ్ల మాలిబ్డేట్ కలిపి, ఆ తర్వాత రెండో రసాయనం వేస్తే ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. వేల సైటేషన్లు వచ్చిన ఆ పేపర్ కూడా హెచ్-ఇండెక్స్‌లో ఒక్కటిగానే లెక్క. పైగా మా రికార్డుల్లో 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' అని రాశామే గాని, 1925 నాటి పేపర్‌ని మాలో ఎవరూ తెరిచి చూడలేదు.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని చెబుతూ 1948లో వచ్చిన ఆ ప్రసిద్ధ పేపర్ రచయితల్లో సుబ్బారావుగారి పేరు లేదు. బోదకాలుకు వాడే డీఈసీ మందు కూడా ఆయన నడిపిన పరిశోధన నుంచే వచ్చింది. మా నాయనమ్మకు బోదకాలు. తూర్పు గోదావరిలో మా ఊళ్లో ఆశా కార్యకర్త ఆ మాత్రలు ఇంటింటికీ తెచ్చి, మింగేదాకా గుమ్మం దగ్గరే నిలబడేది. ఆ మాత్ర వెనక మన భీమవరంలో పుట్టినాయన ఉన్నారని పీహెచ్‌డీలో చేరాకే నాకు తెలిసింది. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి నాయనమ్మకు చెప్పాను.

ఇక మీ విషయం. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఇద్దరి పేపర్లనూ సంవత్సరాల వరుసలో పెట్టి, గత ఐదేళ్లవి చూడండి. మన రంగంలో సాధారణంగా మొదటి పేరు బెంచ్ దగ్గర ప్రయోగాలు చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. ముందు విద్యార్థి, చివర గైడ్ ఉన్న పేపర్లు ఎన్నున్నాయి? కలిసి పనిచేసేవాళ్ల పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయా? దీన్ని చాలామంది పట్టించుకోరు గాని, నాకు ఇదే ముఖ్యం. నా రెండో గైడ్ హెచ్-ఇండెక్స్ 14. కానీ ఒకే ఆసుపత్రిలోని ఒక డాక్టరమ్మతో ఎనిమిదేళ్లుగా కలిసి రాస్తున్నారు. పొద్దున పదింటికి తీసిన రక్తం పదకొండున్నరకల్లా మా బెంచ్ మీద ఉండేది. నా థీసిస్ పూర్తయింది ఆ స్నేహం వల్లే.

ఆ పేపర్లలో మొదటి పేరున్న పాత విద్యార్థులకు, ఇద్దరు గైడ్‌ల వైపు నుంచీ, మెయిల్ రాయండి. థీసిస్‌కి ఎన్నేళ్లు పట్టింది, పేర్ల వరుస ఎవరు, ఎప్పుడు నిర్ణయించారు అని అడగండి. గైడ్ మారేముందు నేను నలుగురికి రాశాను. ఇద్దరు జవాబిచ్చారు, వాళ్లలో ఒకావిడ ఫోన్ చేసి నలభై నిమిషాలు మాట్లాడారు.